తొమ్మిది నెలల సెలవు

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ మోకాళ్ళు మాటల్లోకి వచ్చేది ముసలితనంలోనే. యాభై దాటిన మనిషి "మోకాళ్ళు పట్టుకపోయినయి" అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఒక నూనె సీసా కొనిస్తారు, నేల మీద కూర్చోవద్దని సలహా చెప్తారు, అంతటితో సరి. పదిహేనేళ్ళ పిల్ల అదే మాట అంటే మాత్రం నమ్మరు. "ఈ వయసుల నొప్పేంది?" అంటారు. ఈ రెండు వయసులకూ మధ్య ఉన్న ఏళ్ళలో ఆ మోకాళ్ళు ఎంత బరువు మోశాయో, ఎన్నిసార్లు వాచాయో, వాచినప్పుడు ఎన్ని రోజులు ఆగగలిగాయో ఎవరూ లెక్క రాసిపెట్టరు. ఆడవాళ్ళ శరీరం గురించి మనం చాలానే రాసుకున్నాం. బహిష్టు గురించి, గర్భం గురించి, ప్రసవం గురించి, హింస గురించి రాసుకున్నాం. మోకాలి గురించి రాసింది నేను చదివినంతలో తక్కువ.

నేను రాయడానికి కారణం మా అన్న బిడ్డ. పేరు రాయొద్దన్నది. "నా కత రాస్కో అత్తమ్మా, పేరు మాత్రం వద్దు. రేపు సంబంధానికి వచ్చినోళ్ళు ముందుగాల మోకాలు చూపియ్యమంటరు" అని నవ్వింది. ఆ నవ్వు వెనక ఎంత కోపం ఉందో నాకు తెలుసు.

అన్నావాళ్ళ ఊరు మహబూబాబాద్‌కు దగ్గర. మావాళ్ళు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. రెండెకరాల పత్తి, అరెకరం మిరప. పిల్ల చదివింది హాస్టల్ బడిలో. అక్కడి పీఈటీ సారుకు ఫుట్‌బాల్ పిచ్చి. మగపిల్లలతో పాటు ఆడపిల్లలకూ ఒక జట్టు కట్టాడు. మా పిల్ల ఎడమవైపు ఆడేది. ఆమె ఆట నాకు మొదట అర్థం కాలేదు, ఆటల గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ ఒక్కటి మాత్రం ఎవరికైనా కనిపించేది. బంతితో వేగంగా పోతూ పోతూ ఉన్నచోట ఆగి, ఒంటికాలి మీద తిరిగేది. వెంట పడ్డ పిల్ల ఆగలేక రెండడుగులు ముందుకు పోయేది. ఆ రెండడుగుల ఖాళీలోంచి బంతి కొట్టేది. ఎవరు నేర్పారని అడిగితే, "ఎవలు నేర్పలె, గట్లనే వస్తది" అన్నది.

2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. ఆఫీసులూ బోర్డులూ మారడం గురించి అందరూ మాట్లాడుకున్నారు. హాస్టల్ పిల్లలకు మాత్రం అది వేరే వార్త. జిల్లాకొక జట్టు అంటే, ఇంతకుముందు ఒక్క జట్టులో చోటు కోసం కొట్లాడిన పిల్లలకు ఇప్పుడు నాలుగైదు జట్లు. మా పిల్లకు పదిహేనేళ్ళు. ఆ డిసెంబరులో ఆడటానికి జనగామకు వచ్చింది. నేనుండేది అక్కడే, కాలేజీలో తెలుగు చెప్తాను. చూడటానికి వెళ్ళాను. మొరం నేల. ఆమె కాళ్ళకు మగపిల్లల బూట్లు, ఒక సైజు పెద్దవి, ముందు భాగంలో గుడ్డ కుక్కుకుంది. రెండో సగంలో ఎప్పటిలాగే ఆగి తిరిగింది. ఒళ్ళు తిరిగింది గానీ పాదం నేలలోనే ఉండిపోయింది. "టప్‌మని చప్పుడు నాకే ఇనబడ్డది" అని తర్వాత చెప్పింది. ఎదుటి పిల్ల ఆమెను తాకను కూడా లేదు.

బెణికిందన్నారు. ఐసు పెట్టారు. ఊళ్ళో పసరు కట్టు కట్టించారు. మూడు వారాలకు వాపు తగ్గింది. తగ్గిన నాలుగో రోజు పిల్ల పత్తి చేలో ఉంది, ఎందుకంటే అది పత్తి ఏరే కాలం. నడుముకు ఒడి కట్టుకుని, సాలు వెంట వంగి నడుస్తూ, ఒడి నిండితే మోసుకొచ్చి కుప్ప పోసి, మళ్ళీ వంగడం. వారానికి హాస్టల్‌కు వెళ్ళింది, నెలకు మళ్ళీ ఆడింది. మళ్ళీ మోకాలు జారింది.

తెలుగులో దీనికి మంచి మాటుంది. తిరగబెట్టింది అంటాం. జ్వరం తిరగబెట్టినట్టు. ఆ మాటలో కర్త జ్వరమే, రోగమే. మనిషి చుట్టూ ఉన్నవాళ్ళెవరూ ఆ వాక్యంలో ఉండరు. 2016 డిసెంబరు నుంచి రెండేళ్ళలో ఆమె మోకాలు ఆరుసార్లు వాచింది. ఒకసారి ఆటలో, ఒకసారి బస్సు దిగుతూ, ఒకసారి బోరు దగ్గర నీళ్ళ బిందె ఎత్తుకుని తిరగబోతూ. ప్రతిసారీ కట్టు, మూడు వారాలు, మళ్ళీ పని, మళ్ళీ ఆట. ఈ ఆరింటినీ ఆరు దెబ్బలుగా లెక్కపెట్టారు. నిజానికి అది ఒకటే దెబ్బ. మొదటిది మానకుండానే రోజులు గడిచాయి.

2018లో డిగ్రీకి జనగామ వచ్చి మా ఇంట్లో ఉంది. హన్మకొండలో ఎమ్మారై తీయించాం. తొడ ఎముకనూ కాలి ఎముకనూ మోకాలి లోపల పట్టి ఉంచే చిటికెనవేలంత తాడు ఒకటుంటుంది. ఏసీఎల్ అంటారు. అది ఎప్పుడో పూర్తిగా తెగిపోయిందని రిపోర్టులో వచ్చింది. అది లేకపోయినా మనిషి తిన్నగా నడవగలదు, పరిగెత్తగలదు కూడా. తిరిగేటప్పుడే మోకాలు జారుతుంది. జారిన ప్రతిసారీ ఎముకల మధ్య మెత్తలాగా ఉండే మృదులాస్థి నలిగిపోతుంది. అంటే ఆమెకు పేరు తెచ్చిన కదలికే ఆమె మోకాలిని కొంచెం కొంచెంగా తింటూ వచ్చింది.

డాక్టరు ఓపికగానే చెప్పాడు. ఆడపిల్లల కటి వెడల్పుగా ఉంటుందని, తొడ ఎముక లోపలివైపు వాలి ఉంటుందని, హార్మోన్ల వల్ల నరాలు వదులవుతాయని, అందుకే ఈ దెబ్బ వాళ్ళకు ఎక్కువని. బయటికొచ్చి కాంటీన్‌లో కూర్చున్నాక పిల్ల అడిగింది. "అంటె నా ఒళ్ళే తప్పా అత్తమ్మా?"

ఆ ప్రశ్న నన్ను చదివించింది. డాక్టరు చెప్పిన లెక్క అబద్ధం కాదు. ఒకే రకం ఆటల్లో పురుషుల కంటే స్త్రీలకు ఏసీఎల్ తెగే ప్రమాదం 2 నుంచి 8 రెట్లు ఎక్కువని వైద్య పరిశోధనలు చెప్తూ వచ్చాయి. కానీ ఎందుకు అన్న ప్రశ్నకు చాలాకాలం జవాబు స్త్రీ శరీరంలోనే వెతికారు. 2021లో జోఆన్ పార్సన్స్, స్టెఫనీ కోయెన్, షెరీ బెకర్ అనే ముగ్గురు పరిశోధకులు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక వ్యాసం రాశారు. అందులో వాళ్ళు కటి వెడల్పును కాసేపు పక్కనపెట్టి చుట్టూ ఉన్న లోకాన్ని చూడమన్నారు. చిన్నప్పుడు ఎవరిని ఎగరనిచ్చారు, దూకనిచ్చారు? కండ బలం పెంచే శిక్షణ ఎవరికి ఇచ్చారు? మంచి మైదానం ఎవరిది? దెబ్బ తగిలాక కోలుకోవడానికి సమయమూ సదుపాయమూ ఎవరికి దొరికాయి? పుట్టినప్పటి నుంచీ పోగయ్యే ఈ తేడాలన్నీ వచ్చి మోకాలిలో కూర్చుంటాయని వాళ్ళ వాదన. ఆడపిల్లలు బంతి విసిరే తీరు గురించి ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన వ్యాసం మనలో చాలామందికి పాఠమే. శరీరాన్ని పూర్తిగా చాచకుండా పెంచిన పిల్ల, చాచాల్సి వచ్చినప్పుడు తడబడుతుందని ఆమె చూపింది. నలభై ఏళ్ళకు ఆ మాట ఎముకల డాక్టర్ల పత్రిక దాకా వచ్చిందన్నమాట.

స్త్రీ శరీరాన్ని సాకుగా చూపడం ఫుట్‌బాల్‌కు కొత్త కూడా కాదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లండులో ఫ్యాక్టరీ కార్మికురాళ్ళు జట్లు కట్టి ఆడారు. ప్రెస్టన్ ఊరి డిక్ కెర్ ఫ్యాక్టరీ జట్టు 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లో ఆడితే 53,000 మంది చూశారు. మరుసటి ఏడాది, 1921 డిసెంబరులో, అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్ళకు తగదంటూ తన సభ్య క్లబ్బుల మైదానాల్లో వాళ్ళను ఆడనివ్వొద్దని తీర్మానించింది. ఆ నిషేధం యాభై ఏళ్ళ దాకా పోలేదు. ఆ యాభై ఏళ్ళలో బూట్లు, శిక్షణ, వైద్యం అన్నీ మగ శరీరం కొలతతోనే తయారయ్యాయి. 2023లో యూరప్ క్లబ్బుల సంఘం పెద్ద క్లబ్బుల క్రీడాకారిణులను అడిగితే 82 శాతం మంది బూట్లతో ఇబ్బంది పడుతున్నామన్నారు. వాళ్ళ మాటే అలా ఉంటే మానుకోట పిల్ల బూటులో గుడ్డ కుక్కుకోవడంలో వింతేముంది?

ఇంకో సంగతి చదివి నాకు మరీ బాధ కలిగింది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లల మీద ఒక పెద్ద పరిశోధన చేశారు, 2008లో అచ్చయింది. దాదాపు 1,900 మంది పిల్లలు. వాళ్ళలో కొన్ని జట్లకు ఆటకు ముందు ఇరవై నిమిషాల కసరత్తు నేర్పారు. ఒంటికాలి మీద నిలబడటం, దూకి మోకాలు వంచి దిగడం, పరిగెత్తుతూ దిక్కు మార్చడం. పరికరాలేమీ అక్కర్లేదు, బంతి ఉంటే చాలు. ఆ జట్లలో మొత్తం దెబ్బలు సుమారు మూడోవంతు, తీవ్రమైనవి దాదాపు సగం తగ్గాయి. దీన్ని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఉచితంగానే ఇస్తోంది. 2008 నాటికి మా పిల్లకు ఏడేళ్ళు. ఆమె మొదటి దెబ్బ తగిలేసరికి ఆ కాగితం అచ్చయి ఎనిమిదేళ్ళు. ఆమె ఆడిన ఏ మైదానానికీ అది చేరలేదు.

2019 మేలో హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. అన్న ఆ ఏడాది పత్తి డబ్బంతా అక్కడ పెట్టాడు. తొడ వెనక నుంచి తీసిన పోగులతో మోకాలిలో కొత్త తాడు వేశారు. తొమ్మిది నెలలు ఆట వద్దన్నారు. ఇది ఊరికే చెప్పే లెక్క కాదు. కొత్త తాడు మొదటి నెలల్లో గట్టిపడటానికి బదులు బలహీనపడుతుంది, తర్వాతే నెమ్మదిగా శరీరంలో భాగమవుతుంది. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం, తొమ్మిదో నెల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కొక్క నెలకూ మళ్ళీ దెబ్బతినే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుంది. అంటే మందు డబ్బాలో దొరకదు. మందు పేరు సమయం.

ఆడపిల్లకు తొమ్మిది నెలల సమయం! మన సమాజం ఆడదానికి తొమ్మిది నెలలు లెక్కపెట్టేది ఒక్క విషయంలోనే. అప్పుడైనా ఆమె పని చేస్తూనే లెక్కపెట్టుకోవాలి. పుట్టే బిడ్డ కోసం కూడా పూర్తిగా దొరకని విశ్రాంతి మోకాలి కోసం ఎట్లా దొరుకుతుంది? చుట్టాలు చూడటానికి వచ్చారు. "బంతాటకు ఆపరేషనా" అన్నారు. మచ్చ ఎంత పొడుగుందో అడిగారు. లంగావోణీ కిందికి కనబడదు కదా అని వాళ్ళే సమాధానం చెప్పుకున్నారు. ఫిజియోథెరపీ అంటే కాళ్ళు పట్టించుకోవడం అనుకున్నారు. నిజానికి అది రోజూ ఏడుస్తూ చేసే కష్టం. జనగామ నుంచి వారానికి రెండుసార్లు రైల్లో కాజీపేట దిగి హన్మకొండ వెళ్ళి వచ్చేవాళ్ళం. సన్నబడిపోయిన తొడ కండ మళ్ళీ వేలి మందం పెరిగితే టేపుతో కొలుచుకుని సంబరపడేది.

దసరా తర్వాత ఊరికి పోయింది. అక్కడ కుర్చీ బల్ల లేవు, వంట కింద కూర్చునే. పత్తి పగిలింది. వదిన ఒక్కతే ఏరుతోంది, కూలీలు దొరకడం లేదు. పిల్లను ఎవరూ చేనుకు రమ్మనలేదు. ఈ మాట నేను కచ్చితంగా చెప్పగలను. కానీ అమ్మ వంగి ఏరుతుంటే గట్టు మీద కాలు చాపుకుని కూర్చోవడం ఏ కూతురికి చేతనవుతుంది? విశ్రాంతి అనేది మనం తీసుకునేది అంటారు. కాదు, దాన్ని ఇంకొకరు ఇవ్వాలి. ఆ ఇంకొకరి పని ఇంకా పెరగాలి. మా ఇంట్లో ఆ ఇంకొకరు వదిన. అందుకే పిల్ల వెళ్ళి ఒడి కట్టుకుంది.

నవంబరులో ఒక జట్టుకు ఎంపికలు పెట్టారు. ఆరో నెల. నేను వద్దన్నాను. "తొమ్మిది నెల్లు నేను ఆగుత అత్తమ్మా, నా వయసు ఆగదు గద" అన్నది. ఆ ఎంపికలో నెగ్గితే ఒక సర్టిఫికెట్టు వస్తుంది, దానితో బీపీఈడీ సీటో, క్రీడల కోటాలో ఉద్యోగమో వస్తుందని ఆమె ఆశ. ఆమె లెక్కలో తప్పు లేదు. ఆట ఆమెకు సరదా ఒక్కటే కాదు, పత్తి చేను నుంచి బయటపడే దారి. మొదటి ఇరవై నిమిషాలు బాగా ఆడిందట. తర్వాత ఆగి తిరిగింది.

రెండోసారి తెగినప్పుడు ఆమె ఏడవలేదు. మచ్చ మీద చెయ్యి పెట్టుకుని "నాకు తెలుసు" అన్నదట, అంతే. నాలుగు నెలలకు లాక్‌డౌన్ వచ్చింది. రెండో ఆపరేషన్ గురించి ఇంట్లో మళ్ళీ మాట రాలేదు.

ఆ రోజుల్లోనే, 2020 జనవరిలో, మణిపూర్ అమ్మాయి బాలాదేవి స్కాట్లండులోని రేంజర్స్ క్లబ్బులో చేరింది. యూరప్‌లో ప్రొఫెషనల్ ఒప్పందం దొరికిన మొదటి భారతీయ మహిళ. మా పిల్ల ఆ వార్త ఫోన్లో పదిమందికి పంపింది. ఏడాదికి బాలాదేవికీ అదే దెబ్బ, ఏసీఎల్. ఇంటికి తిరిగి వచ్చింది, అక్కడి ఒప్పందం ముగిసిపోయింది. అప్పటికే ముప్పై దాటిన ఆమె కథ అంతటితో సరి అనుకున్నారు. కానీ కోలుకుని మళ్ళీ ఆడింది. 2024లో దక్షిణాసియా పోటీల్లో దేశం కోసం గోల్ కొట్టింది. ఆమె పట్టుదలను అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. ఆమెకు మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగం ఉందన్న సంగతి కూడా పక్కన రాసుకోవాలి. కాలు ఆగినా జీతం ఆగదన్న భరోసా పట్టుదలకు తోడు నిలిచింది.

ఇది మగవాళ్ళ ఆటలో ఎప్పటి నుంచో ఉన్న భరోసా. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. 1963లో ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఇరవయ్యారు, ఇరవయ్యేడేళ్ళకే ఆట మానాల్సి వచ్చింది. ఎంత నష్టమో! 2023లో ఆయన పోయినప్పుడు రావలసిన గౌరవాలు రాలేదని చాలామంది రాశారు. అది నిజమే. కానీ ఆట పోయినా రైల్వే ఉద్యోగం ఉంది. ఆ తరం ఆటగాళ్ళను పోలీసు శాఖ, రైల్వే, ఆర్మీ పోషించాయి. హైదరాబాద్ పోలీసు జట్టు పేరే ఆ సంగతి చెప్తుంది.

డబ్బూ వైద్యమూ ఉంటే ప్రతి మోకాలూ బాగవుతుందని నేననడం లేదు. సైనా నెహ్వాల్‌కు దేశంలో దొరికే మంచి వైద్యమంతా అందింది. 2016 రియో ఒలింపిక్స్ మోకాలి నొప్పితోనే ఆడింది, వెంటనే ఆపరేషన్ అయింది, మరుసటి ఏడాదే ప్రపంచ పోటీల్లో కంచు పతకం గెలిచింది. చివరికి కీలు అరిగిపోయింది. 2023 తర్వాత పోటీకి దిగలేదు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2017లో భుజం కీలు తొలగి దాదాపు ఏడాది పోయింది, ఆ ఏడాది ఆగగలిగింది కాబట్టి 2022లో, 2023లో ప్రపంచ విజేత అయింది. తేడా ఎక్కడంటే, వీళ్ళ దెబ్బలకు తేదీలున్నాయి, రిపోర్టులున్నాయి, వార్తలున్నాయి. ఆగినప్పుడు ఎందుకు ఆగారో లోకానికి తెలుసు. మా పిల్ల ఆగితే "మానేసింది" అన్నారు.

ఆమె వయసుదే, 2001లో పుట్టినదే, నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య. 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది, 2025లో దేశంలో ఆ ఏటి మేటి క్రీడాకారిణిగా ఎంపికైంది. సౌమ్య పేరు పేపర్లో వచ్చినప్పుడల్లా మా పిల్ల ఆ ముక్క కత్తిరించి దాచుకుంటుంది. అసూయ లేదా అని ఒకసారి అడిగాను. "అసూయ ఎందుకు? ఆమె మోకాళ్ళు సల్లగుండాలె" అన్నది. ఆటగాళ్ళ మధ్య ఉండే ఈ దీవెన నేనెప్పుడూ వినలేదు.

డిగ్రీ తర్వాత రెండు సంబంధాలు వచ్చి పోయాయి, ఆపరేషన్ సంగతి ఆమే ముందుగా చెప్పింది. అన్న కోప్పడ్డాడు, తర్వాత ఊరుకున్నాడు. పట్టుబట్టి బీపీఈడీ చదివి, 2023లో భూపాలపల్లి వెళ్ళింది. వాళ్ళ అక్క అక్కడే ఉంటుంది, బావ సింగరేణి బొగ్గు గనిలో కార్మికుడు. ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేరింది.

భూపాలపల్లిలో ఆమెకు ఒక కొత్త భాష తెలిసింది. గని కార్మికుల భాష. బావకు అంతకుముందే గనిలో కాలు నలిగింది. కంపెనీ ఆసుపత్రిలో చేర్చారు. డ్యూటీలో తగిలిన దెబ్బ కాబట్టి సెలవుకు జీతం వచ్చింది. కోలుకున్నాక కొన్నాళ్ళు లైట్ జాబ్ ఇచ్చారు. ఇక పనికిరాడని తేలితే మెడికల్ బోర్డు ఉంది, అన్‌ఫిట్ చేయించుకుంటే ఇంట్లో వారసులకు ఉద్యోగం అడిగే హక్కు ఉంది. ఇవేవీ పూర్తిగా న్యాయంగా నడుస్తాయని కాదు, బోర్డు చుట్టూ ఎన్ని తిరుగుళ్ళో అక్కడివాళ్ళే చెప్తారు. కానీ మాటలున్నాయి. లైట్ జాబ్, అన్‌ఫిట్, నష్టపరిహారం. ఒక్కొక్క మాట వెనకా సమ్మెలున్నాయి, సంఘాలున్నాయి. పనిలో నలిగిన శరీరం పని ఇచ్చినవాడి బాధ్యత అని వందేళ్ళ పోరాటం ఒప్పించింది.

"బావ మోకాలికి కంపెనీ ఉన్నది. నా మోకాలికి ఎవరున్నరు?" అన్నది ఒకరోజు. తర్వాత తనే, "అక్క మోకాలికి ఎవరున్నరు?" అన్నది. బావ మంచంలో ఉన్న మూడు నెలలూ ఆయనను లేపి కూర్చోబెట్టింది, నీళ్ళు పోసింది అక్క. ఆ పనికి లైట్ జాబ్ లేదు.

ఫుట్‌బాల్‌లోనూ మాటలు పుడుతున్నాయి, నెమ్మదిగా. 2021 నుంచి ప్రొఫెషనల్ క్రీడాకారిణులకు కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, జీతంలో మూడింట రెండు వంతులు ఇవ్వాలని ఫిఫా నియమం పెట్టింది. మన దేశంలో మహిళల లీగ్ ఆడే ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలని 2023లో అఖిల భారత సమాఖ్య నిర్ణయించింది. మంచిదే. అయితే అవి పైమెట్టు దాకా చేరినవాళ్ళకు. తెలంగాణలో క్రీడల కోటా ఉద్యోగాలు 2 శాతం ఉన్నాయి, అవీ గెలిచి సర్టిఫికెట్టు తెచ్చినవాళ్ళకు. గెలవకముందే, పదిహేనేళ్ళకు, జిల్లా మైదానంలో మోకాలు తెగిన పిల్లకు ఏ జాబితాలోనూ గడి లేదు. ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే.

మా పిల్ల ఇప్పుడు బడిలో నలభై మంది ఆడపిల్లలకు ఆట నేర్పుతోంది. బంతి ఇవ్వడానికి ముందు ఇరవై నిమిషాలు ఆ నార్వే కసరత్తు చేయిస్తుంది. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్ళే లెక్కపెడుతూ చేస్తారు. ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఎవరికి ఏ తేదీన ఎక్కడ వాచింది, ఎన్ని రోజులు ఆగింది, అన్నీ రాస్తుంది. వాచిన పిల్లను ఆడనివ్వదు. అంతేకాదు, ఇంటికి చిట్టీ పంపుతుంది. 'మీ అమ్మాయి మోకాలికి దెబ్బ తగిలింది. ఆరు వారాలు నీళ్ళు మోసే పని, కింద కూర్చుని చేసే పని, చేను పని చెప్పొద్దు' అని రాసి సంతకం పెడుతుంది. ఒక తల్లి ఆ చిట్టీ పట్టుకుని బడికొచ్చి కొట్లాడిందట, అయితే ఆ పనులు నువ్వొచ్చి చెయ్యమని. ఆ తల్లి కోపం న్యాయమైందేనని మా పిల్ల అంటుంది. అందుకని ఇప్పుడు చిట్టీలో ఇంకో వాక్యం కలిపింది. 'ఈ పనులు అమ్మాయి తమ్ముడికో, అన్నకో, నాన్నకో చెప్పగలరు.' దాని మీద ఇంకా పెద్ద గొడవ అయిందట. అయినా ఆ వాక్యం తీసెయ్యలేదు.

ఆమె సరదాగా ఆడటం కూడా మానలేదు. సాయంత్రం పిల్లలు పోయాక ఒక్కతే బంతితో ఆడుకుంటుంది. కుడివైపుకు మాత్రమే తిరుగుతుంది. ఎడమవైపు తిరగదు. చూసేవాళ్ళకు తేడా తెలియదు.

మొన్న పండక్కి అందరం మానుకోటలో కలిశాం. పిల్ల చిట్టీల సంగతి చెప్తుంటే అందరం నవ్వాం. వదిన కూడా నవ్వింది. మిరపకాయలు ఏరి వచ్చి గడప మీద కూర్చుని రెండు మోకాళ్ళూ అరచేతులతో రుద్దుకుంటోంది. వదినకు యాభై దాటాయి. నవ్వు ఆగాక, "మంచిగున్నది బిడ్డా. నాకెవలు రాస్తరు చిట్టీ?" అన్నది.

కూతురు లేచి వెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. వాళ్ళమ్మ పేరు రాసి, ఏ మోకాలు, ఎప్పటి నుంచి అని అడిగింది. వదినకు సంవత్సరం గుర్తు లేదు. పెద్దపిల్ల కడుపులో ఉన్నప్పుడు మిరప తోటలో పడ్డానని మాత్రం చెప్పింది. పిల్ల అదే రాసుకుంది.